ఎదురు బిందె

మా వాడకట్టులో పగ పట్టడం అందరికీ వచ్చు. నల్లా దగ్గర బిందె జరిపిందని ఎండాకాలమంతా మాట్లాడుకోని వాళ్ళున్నారు. బతుకమ్మ ఆడేటప్పుడు తన పక్కన నిలబడలేదని సొంత చెల్లెలి ఇంట్లో పెళ్ళికి పోని మహాతల్లి కూడా ఉంది. ఇవన్నీ చిల్లర పగలు. ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకుని, సన్నని సెగ మీద పాలు కాచినట్టు కాచి, సమయం దొరికిన రోజున చుక్క ఒలకకుండా దించిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆమె అనసూర్య వదినె. మాకు ఎదురిల్లు.

నా పేరు మమతారాణి. అరుగు మీద మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. నస్పూర్‌లో బొగ్గుబాయి క్వార్టర్లు దాటాక వచ్చే సొంత ఇళ్ళ వాడకట్టు మాది. మిషను ముందు కూర్చున్న ఆడదానికి వీధిలో తెలియనిది ఉండదు, తెలియనట్టు ఊరుకోవడమూ రాదు. ఈ కథలో నేను చూసిందీ, వదినె నోటితో విన్నదీ తప్ప ఇంకేమీ లేదు. నేను వదినె పక్షం. న్యాయం చెప్పమంటే వేరే ఎవరినైనా అడగండి.

వదినె మొగుడు దశరథం. నేను అన్నా అని పిలుస్తాను. అందరూ ఆయన్ని మంచోడంటారు, అదే అసలు తంటా. చెడ్డోడైతే తిట్టుకుని, నలుగురిలో పెట్టి తేల్చుకోవచ్చు. తాగడు, కొట్టడు, ఒకరి జోలికి పోడు. అలాంటి వాడి మీద పగ పట్టిన ఆడదానికి వీధిలో ఒక్క సాక్షి దొరకదు. "గసొంటోడు దొరుకుడే నీ అదృష్టం" అని పైనుంచి సుద్దులు చెబుతారు. ఆయనలో లోపం ఒక్కటే. నోట్లోంచి మాట రాదు. అందరితోనూ వస్తుంది, పెళ్ళాంతోనే రాదు.

ఆయన తండ్రి బాయిలో పని చేసి పోయాడు. ఈయనకు బాయి పని దొరకలేదు. కూతురు నవ్యశ్రీ గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో దశరథమన్న మొదటిసారి మస్కట్ పోయాడు. అప్పుడు మొదలైంది వదినె పగ.

మా దిక్కు దూరం పోయే మనిషికి ఎదురు రావాలి. వీధి మలుపులో ఒక ముత్తైదువ నిండు బిందెతో నిలబడి ఉంటుంది. పోయే మనిషి గడప దాటగానే ఆమె ఎదురుగా నడిచి వస్తుంది. ఆ మనిషి ఎదురొచ్చిన దానితో మాట్లాడకూడదు, ఆగకూడదు, దాటాక తిరిగి చూడకూడదు. వెనకనుంచి ఎవరూ పిలవకూడదు. నిండు బిందె ఎదురైతే పోయిన పని పండుతుంది. ఖాళీ బిందె ఎదురైతే అంతే సంగతులు, ఆగి కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. బాయికి పోయే మగవాళ్ళున్న ఇళ్ళలో ఇలాంటివి తేలికగా తీసుకోరు.

దశరథమన్న తల్లి రాజక్క ఈ శకునాలకు పెద్ద. కొడుకు పోయే రోజు ఎదురు రావడానికి కోడలినే నిలబెట్టింది. అందులోనూ ఆమెకొక పద్ధతి. బిందె చంకలో పెట్టుకోకూడదు, రెండు చేతులతో కడుపుకు ఆనించి పట్టుకోవాలి, అంచుదాకా నింపాలి, చుక్క తొణకకూడదు. నిండు కుండ తొణకదంటారు. అది మోసేవాళ్ళు చెప్పిన మాట కాదు.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. దశరథమన్న తల్లి కాళ్ళు మొక్కాడు. దోస్తు సదానందాన్ని కావలించుకున్నాడు. మా ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. నాతో "పోయొస్త చెల్లె" అన్నాడు. కొట్టంలోకి పోయి బర్రె మెడ నిమిరి దానితో కూడా ఏదో చెప్పాడు. తర్వాత బ్యాగు భుజాన వేసుకుని వీధిలోకి దిగాడు. మలుపులో పెళ్ళాం ఇత్తడి బిందె పట్టుకుని వస్తోంది. ఆయన బిందె వంక చూశాడు, పక్క నుంచి నడిచి పోయాడు. అంతే.

వదినె కళ్ళ నుంచి ధారలు. రెండు చేతుల్లో బిందె, తుడుచుకోవడానికి లేదు. ఆయన మలుపు తిరిగాక గడప దగ్గర నుంచి రాజక్క గొంతు, "ఏడ్వకే, శెకునం చెడుతది!" వదినె ముక్కు కూడా ఎగబీల్చలేదు. ఇంటి గడప దాకా ఆ బిందెను అలాగే తెచ్చి దించింది. చుక్క పడలేదు.

అంతకు ముందు రోజు ఏమైనా చెప్పాడా అని తర్వాతెప్పుడో అడిగాను.

"పొద్దంత చుట్టాలే" అంది వదినె. "పొద్దుగూకినంక బ్యాగులు సదురుడు. తినంగనే గోడ దిక్కు తిరిగి పండిండు. బర్రెకు చెప్పినంత గూడ నాకు చెప్పలే మమతా."

రెండోసారి కూడా అదే తంతు. మూడోసారీ అంతే. నడుమ ఫోన్లు వచ్చేవి. తల్లి మందుగోలీలు వేసుకుంటుందా, నల్లా వస్తుందా, బర్రె ఈనిందా. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాక పొద్దున్నే కుటుంబం గ్రూపులో ఒక గులాబీ పువ్వు బొమ్మ పెట్టేవాడు. అందరికీ కలిపి ఒకటే పువ్వు. వదినె దాన్ని నాకు చూపించి, "గిది నాకా, మా చిన్నత్తకా?" అని అడిగేది. నవ్వుతూనే అడిగేది గానీ, ఆ నవ్వులో పళ్ళు ఎక్కువ కనపడేవి.

రెండేళ్ళ క్రితం ఆయన ఇక పోనని తిరిగి వచ్చేశాడు. వాటర్ ప్లాంటులో క్యాన్ల ఆటో నడుపుతున్నాడు. పొద్దున క్వార్టర్లకు క్యాన్లు వేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. ఈ లోపల వదినె ఆడవాళ్ళ పొదుపు సంఘంలో లీడరయింది. క్వార్టర్లలో ఉత్తరాది వాళ్ళ ఆడవాళ్ళతో కలిసి తిరిగి హిందీ గడగడా మాట్లాడుతుంది. వదినె మీటింగుకు పోయిన రోజున దశరథమన్న వాళ్ళ అరుగు మీద కూర్చునేవాడు. లోపల తల్లి అన్నానికి పిలుస్తున్నా కదలడు. వదినె వీధి మలుపులో కనపడ్డాక లేచి లోపలికి పోతాడు. పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, పని లేని మొగోడు అరుగు అరగదీస్తున్నాడని నేను అనుకునేదాన్ని.

ఇంతలో కబురు వచ్చింది. బీహార్‌లో కొత్తగా సంఘాలు పెట్టించడానికి ఇక్కడి నుంచి అనుభవం ఉన్న ఆడవాళ్ళను పంపుతున్నారు. పల్లెల్లో తిరగాలి, అక్కడి వాళ్ళ ఇళ్ళలోనే ఉండాలి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాలి. నెలన్నర పని. మా మండలం నుంచి వదినె పేరు రాశారు.

రాజక్క గుండెలు బాదుకుంది. "బీహారా? ఒక్కతి పోతదా?" నవ్యశ్రీ కరీంనగర్ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "పో మమ్మీ, మస్తుంటది" అంది. దశరథమన్న నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని చాలాసేపు ఆలోచించి, "ఆడ రొట్టెలే తింటరట" అన్నాడట. పెళ్ళయిన తర్వాత మొదటిసారి పెళ్ళాం దూరదేశం పోతుంటే ఆ మొగుడు పలికిన పలుకు అది.

ఆ సాయంత్రమే వదినె జాకెట్ కొలతలకు మా ఇంటికి వచ్చింది. నేను చేతి కొలత తీస్తుంటే మెల్లగా అంది. "ఇప్పుడు నా వంతు మమతా."

"ఏం వంతు వదినె?"

"అందరికి చెప్పి పోత. ఆయనకు చెప్ప. మూడుసార్లు నన్నెట్ల ఇడిసిపెట్టి పోయిండో గట్లనే పోత. ఒక్క మాట, నువ్వు లేకుంటె నాకు గిట్లయితదని ఒక్క మాట ఆయన నోట్లకెళ్లి రావాలె. రాకపోతే నెలన్నర ఫోన్ గూడ ఎత్త. ఆయనకు తెల్వాలె, గోడ దిక్కు చూసుకుంట పండుడు ఎట్లుంటదో."

"మరి వస్తే?"

వదినె చేయి దించింది. "వస్తే చూద్దాం తీయ్. వచ్చేదుంటే గిన్నేండ్లు పడుతదా?"

ఇంకో కోరిక కూడా బయటపెట్టింది. తనకు ఎదురు దశరథమన్నే రావాలి. రెండు చేతులతో బిందె పట్టుకుని, మలుపులో నిలబడి.

వాళ్ళింట్లో ఆ మాటతో పెద్ద రచ్చ అయింది. నా మిషను దగ్గరికే అంతా వినపడింది. "మొగోడు బిందె పట్టుకొని ఎదురొస్తడానే? వాడకట్టు నవ్వదా?" అని రాజక్క.

"నవ్వనీ అత్తమ్మ. నేను మూడుసార్లు ఏడ్సిన. వాడకట్టు ఒక్కసారి నవ్వితే ఏమైతది?"

నేను మిషను ఆపేసి మరీ విన్నాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే, ఇక్కడ నీళ్ళు మోయాల్సి వచ్చింది. దశరథమన్న గొంతు మాత్రం వినపడలేదు. చాలాసేపటికి "సరే" అన్నాడు.

ఆ వారమంతా వదినె అందరికీ వీడ్కోలు చెబుతూ తిరిగింది, కావాలని ఆయన ఇంట్లో ఉన్న వేళే. అత్తకు గోలీలు ఎప్పుడేమి వేసుకోవాలో చెప్పింది. మా ఇంటికి వచ్చి నా చేతులు పట్టుకుంది. కొట్టంలోకి పోయి బర్రె మెడ నిమిరి, "నేను లేనని అలుగకు, పాలియ్యి" అంది. ఆయన గుంజకు ఆనుకుని చూస్తున్నాడు. వదినె ఆయన్ని దాటి, పక్కన కట్టెల మోపును దాటినట్టు దాటి లోపలికి పోయింది. ఆయనకేమైనా చెప్పాలంటే అత్త ద్వారా చెప్పేది. "అత్తమ్మ, నీ కొడుకును కుడితి పెట్టుమను."

పాపం అనిపించలేదా అంటే, అనిపించలేదు. నేను కూడా ఒక మొగుడికి పెళ్ళాన్నే.

దశరథమన్న ఏమీ చేయలేదని చెప్పను. పెట్టె జిప్పు పట్టేస్తుంటే దానికి మైనం రుద్ది సాఫు చేశాడు. రైల్లో పెట్టెకు కట్టడానికి గొలుసూ తాళమూ తెచ్చాడు. మంచిర్యాల పోయి ఉన్ని శాలువా కొనుక్కొచ్చి మంచం మీద పెట్టాడు. ప్రతిదాని పక్కనా కాసేపు నిలబడేవాడు, ఇప్పుడు మాట వస్తుందేమో అన్నట్టు. "ఆడ సలి ఉంటదట" అనేవాడు. వదినె "అత్తమ్మ, తలుపు పెట్టుమను, సలి పెడుతదట నీ కొడుకుకు" అనేది.

ప్రయాణం రేపనగా మా అరుగు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఖాళీ క్యాన్ ఉంది. మా ఇంటికి క్యాను వేయడు, మేము నల్లా నీళ్ళే తాగుతాం.

"చెల్లె, మీ వదినె నాతోని మాట్లాడుతలేదు."

"నువ్వు మాట్లాడుతున్నవా అన్న?"

"నేను మాట్లాడుతనే ఉన్న గదా. గొలుసు తెచ్చిన, శాలువా తెచ్చిన."

"శాలువా మాట్లాడుతదా?"

క్యాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఏమనాలె చెల్లె? నాకు కడుపుల ఉంటది. నోటికాడికి వచ్చేవరకు ఎటుపోతదో ఎటుపోతది. ఒకటి రెండు మాటలు నువ్వే చెప్పు, గవే అంట."

"నేను చెప్పిన మాటలు నువ్వు చెప్తే అవి నా మాటలే అయితయి. నాకు మా వదినె మీద ఉన్న ప్రేమ నేను చెప్పుకున్న. నీది నువ్వు చెప్పుకో" అన్నాను. ఆ మాట అన్నాక మిషను చక్రం గట్టిగా తిప్పాను. ఆయన తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. క్యాను మా అరుగు మీదే మరిచిపోయాడు.

మర్నాడు బీహార్ పోయే దానాపూర్ రైలుకు వదినె బయల్దేరింది. మధ్యాహ్నం రైలు, మంచిర్యాల స్టేషన్‌లో ఎక్కాలి. మిగతా ఆడవాళ్ళు అక్కడే కలుస్తారు. స్టేషన్ దాకా తోడు నేను. క్యాన్ల బండిలో దిగబెడతానంటే వద్దంది. ఎదురొచ్చేవాడు వెంట రాకూడదు కదా.

వాడకట్టంతా అరుగుల మీదికి వచ్చింది. రాజక్క బొట్టు పెట్టింది, పెరుగన్నం తినిపించింది, తిడుతూనే కళ్ళొత్తుకుంది. కరెంటు స్తంభం దగ్గర మలుపులో దశరథమన్న నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు చేతుల్లో అదే ఇత్తడి బిందె, అంచుదాకా నీళ్ళు. పిల్లలు కేరింతలు కొట్టారు. సదానందం "వారెవ్వా దశరథం, చీర గూడ కట్టుకోకపోయినవా" అన్నాడు. సదానందాన్ని నేను అప్పుడే మనసులో రాసి పెట్టుకున్నాను, అది ఇంకో కథ.

వదినె గడప దాటింది. నేను పెట్టె పట్టుకుని వెనక నడిచాను. ఆయన ఎదురుగా రావడం మొదలుపెట్టాడు. దగ్గరికి వచ్చాక నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. వదినె ఆయన వంక చూడలేదు. బిందె వంక చూసింది, ఆయన ఒకప్పుడు చూసినట్టే, పక్కనుంచి నడిచిపోయింది. ఆ నడకలో ఎంత హాయి ఉందో వెనక నుంచి చూస్తున్న నాకే తెలిసింది. నా కడుపు కూడా చల్లబడింది.

వెనక్కి చూడకూడదు కాబట్టి ఇద్దరం చూడలేదు. పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు మాత్రం వినపడింది.

రేషన్ షాపు మలుపు తిరిగేసరికి మళ్ళీ ఎదురుగా దశరథమన్న. వెనక సందులోంచి ఉరికి వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. చేతుల్లో బిందె అలాగే ఉంది, ఇస్త్రీ చొక్కా ముందువైపు తడిసింది. రెండడుగులు ముందుకు వేశాడు. "ఏయ్..." అన్నాడు. వదినె ఆగలేదు. ఆమె మెడ మీద నరం బిగుసుకోవడం చూశాను. దాటి పోయింది. మళ్ళీ చెప్పుల చప్పుడు.

"ఏం చేస్తుండు మమతా?" అంది పళ్ళ మధ్య నుంచి.

"ఉరుకుతుండు వదినె."

"ఉరకనీ."

ఆటోస్టాండ్ దగ్గర నాగరాజు ఆటో సిద్ధంగా ఉంది. రామచంద్రం చాయ్ బండి పక్కనుంచి మూడోసారి దశరథమన్న వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. చొక్కా పంట్లాం మొత్తం నీళ్ళు. జుట్టులోంచి కూడా కారుతున్నాయి. రెండు చేతులతో బిందెను కడుపుకు హత్తుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వదినె అలవాటుగా బిందెలోకి చూసింది.

అడుగున కాసిన్ని నీళ్ళు కూడా లేవు. ఉత్త ఖాళీ బిందె.

వదినె ఆగిపోయింది. ఆమె మొహం మారిపోయింది. అంతవరకు పట్టిన మౌనం, వారం రోజుల పంతం, ఆ క్షణంలో గుర్తుకు లేవు.

"ఏమయ్య!" అని అరిచింది. స్టాండులో ఉన్న వాళ్ళంతా తిరిగి చూశారు. "ఖాళీ బిందె తెస్తవా నాకెదురు? మూడుసార్లు నీకు నిండు బిందె మోసిన. తొణికితే పరాయి దేశంల నీకేమన్నయితదని పానం గుప్పిట్ల పెట్టుకొని మోసిన. కండ్లు తుడుసుకోలే. ముక్కు తుడుసుకోలే. నువ్వు నాకు ఖాళీ బిందె తెస్తవా? నన్ను సంపుదామనా?"

దశరథమన్న బిందెలోకి తొంగి చూశాడు. నిజంగానే ఆయనకు తెలియదు. మూతలున్న క్యాన్లు మోసిన మనిషికి మూతలేని బిందె సంగతి ఏం తెలుస్తుంది?

"నిండే తెచ్చిన" అన్నాడు. "ఉరికినప్పుడు పోయినట్టున్నయి."

"ఎవరు ఉరకమన్నరు?"

"ఎన్కకెళ్లి పిలవొద్దంటరు గదా. గందుకే సుట్టు తిరిగి ముందటికి వచ్చిన."

"పిలుసుడు దేనికి?"

నాగరాజు హారన్ కొట్టాడు. "ఇంకోసారి కొట్టినవంటే ఆ హారన్ ఊడబీకి నీ చేతుల పెడుత" అన్నాను. ఖాళీ బిందె ఎదురయ్యాక కూర్చోకుండా ఎవరు పోతారు? ఆ సంగతి వాడికీ తెలుసు.

చాయ్ బండి దగ్గర బల్ల మీద వదినె కూర్చుంది. రామచంద్రం డ్రమ్ములోంచి నీళ్ళిచ్చాడు. కాళ్ళు కడుక్కుంది. దశరథమన్న గ్లాసు నింపి ఆమె చేతికిచ్చి, బిందె ఒళ్ళో పెట్టుకుని బల్ల ఆ చివర కూర్చున్నాడు.

"నీళ్లు తాగేదాక టైమున్నది" అంది వదినె. "మూడుసార్లు పోయినవు. ఒక్కొక్కటి చెప్పు. మొదటిసారి నా మొకం దిక్కు ఎందుకు చూడలే?"

పోలీసు స్టేషన్లో కూడా అంత సూటిగా అడగరు. ఆయన బిందె అంచు మీద వేలు తిప్పుతూ అన్నాడు. "నీ బిందెల నీళ్లు వణుకుతున్నయి. మొకం దిక్కు చూస్తే నువ్వు ఏడుస్తవు, తొణుకుతయి, అవ్వ నిన్ను తిడుతదని బిందెనే చూసుకుంట పోయిన."

"నేను అప్పటికే ఏడుస్తున్న."

"గది నాకేం తెల్సు? మొకం చూడలే గదా."

నాకు నవ్వొచ్చింది. వదినె చూపుతో ఆపేసింది. ఒక గుక్క తాగింది. "రెండోసారి?"

"రెండోసారి చెప్పేటందుకే ఎయిర్‌పోర్టుకెళ్లి ఫోన్ చేసిన. నువ్వు ఎత్తంగనే నోరు ఎండింది. నవ్య గురించి అడిగిన."

"బర్రె గురించి అడిగినవు."

"ఔనా?"

"ఈనిందా అని అడిగినవు. నాకు మంచిగ యాదికున్నది. నవ్వకు మమతా. మూడోసారి చెప్పు."

ఆయన బిందె అంచు మీద వేలు తిప్పడం ఆపాడు. గ్లాసులో నీళ్ళు అయిపోవస్తున్నాయి. వదినె చివరి గుక్క తాగకుండా పట్టుకుని కూర్చుంది.

"మూడోసారి పోబుద్ధి కాలే" అన్నాడు. "నువ్వు ఒక్కసారి వద్దంటే ఆగుదామనుకున్న. నువ్వు ఎదురుంగ వచ్చినవు, ఏం అనలే. సరే, నన్ను పొమ్మంటున్నవనుకొని పోయిన."

వదినె లేచి నిలబడింది. "నేనెట్లంట? నా చేతుల బిందె పెట్టి నిలవెట్టిర్రు! పోయేటోన్ని ఆపుడు అందరికి నడుస్తది, ఎదురొచ్చేదానికి నడువది. మీ అవ్వ అనొచ్చు, సదానందం అనొచ్చు, బర్రె గూడ అడ్డం పడుకోవచ్చు. నేను అనొద్దు. గది నీకు తెల్వదా?"

"తెల్వకపోయె. ఇయ్యాల తెల్సింది." ఆయన తల పైకెత్తాడు. మొదటిసారి ఆమె మొహం వంక సూటిగా చూశాడు. "స్తంభం కాడ నువ్వు వస్తున్నవు. పోకు అందామని నోరు తెర్సిన. చేతుల బిందె ఉన్నది. నువ్వు మంచిగ పోయి రావాలెనంటే నేను అనొద్దు. రేషన్ షాపు కాడ గూడ అనకపోతిని." బిందెను దగ్గరికి జరుపుకున్నాడు. "నువ్వు లేకుంటె నాకు ఇంట్ల ఏడ కూసోవాలెనో తెల్వది. నువ్వు మీటింగుకు పోతే బయట అరుగు మీదనే కూసుంట. లోపటికి పోతే అంత ఖాళీ కొడుతది. గిప్పుడు నెలన్నర నేను ఏడ కూసుందు?"

నేను మొహం తిప్పుకున్నాను. ఆ అరుగు మీద ఆయన్ని ఎన్నిసార్లు చూశాను, ఎన్నిసార్లు సోమరి అనుకున్నాను. అయినా నేను వదినె పక్షమే. అరుగు మీద కూర్చోవడం మాట చెప్పడం కాదు, ఆమె వచ్చేసరికి ఆ అరుగు కూడా ఖాళీ అయ్యేది.

మాట వచ్చింది. వదినె అడిగిన మాటే వచ్చింది. ఇక కరిగిపోతుంది, కొంగు పట్టుకుని ఏడుస్తుంది, ప్రయాణం మానుకుంటుందేమో కూడా అని రామచంద్రం చాయ్ గిన్నె దించి మరీ చూస్తున్నాడు. మగవాళ్ళు అట్లాగే అనుకుంటారు.

వదినె గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది. ఆయన ఒళ్ళోంచి బిందె తీసుకుంది. డ్రమ్ము దగ్గరికి పోయి కడిగింది, చెంబుతో నింపింది. సగానికి ఆపలేదు, మెడ దగ్గర ఆపలేదు. అంచు దాటితే ఒలుకుతుందన్న చోటుదాకా నింపింది. తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"లే. మళ్ల నిండు బిందె ఎదురు రావాలె. గా ఆటోస్టాండ్ బోర్డు కాడికి పోయి నిలవడు. రెండు చేతుల పట్టుకో. ఒక్క సుక్క పడొద్దు."

ఆయన లేచి బిందె ఎత్తుకున్నాడు. మెల్లగా, చెప్పు లేని కాలు చూసి చూసి వేస్తూ బోర్డు దగ్గరికి పోయాడు. అక్కడినుంచి తిరిగి, "మరి నువ్వేమన్న చెప్పవా?" అని అడిగాడు.

"ఎదురొచ్చినోళ్లతోని మాట్లాడొద్దు" అంది వదినె.

నడక మొదలుపెట్టింది. ఆయన ఎదురుగా రావడం మొదలుపెట్టాడు. ఈసారి బిందె వంక చూడలేదు, ఆమెనే చూస్తూ వచ్చాడు. సగం దూరం వచ్చేసరికి ఆయన కళ్ళు నిండాయి. ఒక చుక్క ముక్కు పక్కనుంచి జారి మీసంలోకి దిగింది. ఇంకొకటి గడ్డం దాకా వచ్చి వేలాడింది. చేయి తీయాలనుకున్నాడు, బిందెలో నీళ్ళు ఒక వైపుకు వచ్చాయి, వెంటనే మళ్ళీ పట్టుకున్నాడు. భుజానికి చెంప రాసుకోబోయాడు, బిందె కదిలింది, అదీ మానుకున్నాడు. అంత మనిషి, స్టాండులో అందరి ముందు, ఏడుస్తూ, తుడుచుకోలేక, చుక్క తొణకకుండా నడిచి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

వదినె ఆ మొహాన్ని చూసింది. తొందర లేకుండా, మొత్తం చూసింది. మూడుసార్లు ఆయన చూడకుండా పోయినదాన్ని ఆమె ఒక్కసారికే పూర్తిగా చూసుకుంది. ఆగలేదు. కొంగు అంచు ఆయన మోచేతికి తగిలేంత దగ్గరగా దాటి పోయి ఆటో ఎక్కింది. నేను పెట్టె లోపల పడేసి పక్కన కూర్చున్నాను. నాగరాజు బండి తీశాడు. వెనక్కి ఇద్దరం చూడలేదు.

క్వార్టర్లు దాటాక వదినె నా వైపు తిరిగింది.

"చూసినవా మమతా? తుడుసుకోరాదు. గట్లుంటది."

"చూసిన వదినె. ఇగ పగ తీరిందా?"

"తీరింది." రోడ్డు వంక తిరిగింది. "మంచిగ తీరింది."

"మరి ఫోన్ చేస్తే ఎత్తుతవా?"

"ఎత్తుత. మూడుసార్లు కొట్టనీ, నాలుగోసారికి ఎత్తుత."

ఆటో మంచిర్యాల రోడ్డెక్కింది. ఎదురుగాలి కొడుతోంది. వదినె రోడ్డు వంకే చూస్తోంది. చెంపల మీద నుంచి నీళ్ళు కారి కొత్త జాకెట్ మెడ తడుస్తోంది. రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగానే ఉన్నాయి. స్టేషన్ వచ్చేదాకా తుడుచుకోలేదు.